బెట్ట, ముంపు, చౌడు: పైరు ఓర్పును కొలిచే శాస్త్రం

నీటి ఎద్దడి, ముంపు, ఉప్పు, మితిమీరిన వేడి వంటి కష్టాల్లో మొక్క ఎలా ప్రవర్తిస్తుందో అంకెల్లోకి తెచ్చి, ఆ అంకెలను బట్టి కొత్త వంగడాలకు తల్లిదండ్రులను, సంతానాన్ని ఎంచుకునే విద్యను ఫీనోటైపింగ్ అంటారు. దీని మూలం వందేళ్ల నాటిది. డెన్మార్క్‌కు చెందిన విల్‌హెల్మ్ యోహాన్సెన్ చిక్కుడు జాతి గింజల బరువులు తూచి, ఒకే శుద్ధ వంశంలో పెద్ద గింజలను ఏరి విత్తినా తరువాతి తరంలో గింజ పెరగదని చూపాడు. కంటికి కనబడే తేడా అంతా వారసత్వం కాదన్నమాట. 1909లో అతడు జన్యురూపాన్ని, దృశ్యరూపాన్ని (ఫీనోటైప్) విడివిడిగా పేర్కొన్నాడు. నేల వల్ల వచ్చిన తేడా ఏది, విత్తనంలోనే ఉన్న తేడా ఏది అన్న ప్రశ్నను ఈనాటి ప్రయోగాలు కూడా వదిలించుకోలేదు.

వరి జన్యుపటం 2005లో పూర్తిగా వెలువడింది. 2014 నాటికి మూడు వేల వరి రకాల డీఎన్‌ఏ సమాచారం ప్రపంచానికి అందుబాటులోకి వచ్చింది. ఆకుముక్క నుంచి జన్యువులను చదవడం రోజుల పని అయింది. ఆ మొక్క బెట్టకు నిలుస్తుందో లేదో తెలియాలంటే మాత్రం ఒక పంటకాలం ఆగాల్సిందే. వంగడాల తయారీలో ఇప్పుడు నత్తనడక నడుస్తున్నది జన్యు ప్రయోగశాల కాదు, పొలంలో జరిగే కొలత.

ఒకే జిల్లాలో మూడు కష్టాలు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పరిసరాలు ఈ శాస్త్రం అవసరాన్ని ఒక్క చూపులో తెలియజేస్తాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా పాతుకుపోయిన ఊరు ఇది. ఖరగ్‌పూర్ కాలేజీ ఉన్న ఇందా అందులో ఒక పేట. ఇందా దాటి మేదినీపూర్ వైపు వెళితే కంసావతి నది వస్తుంది. పడమరన ఝాడ్‌గ్రామ్ వైపు ఎర్రటి లాటరైట్ నేలలు, సాల్ అడవులు. ఏడాదికి సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే అనంతపురం కంటే రెండింతలకు పైనే. కానీ అందులో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసిపోతుంది, ఇసుకపాటి ఎర్రనేలలో కురిసింది కురిసినట్టు దిగిపోతుంది. నడి వానాకాలంలోనే పది పన్నెండు రోజులు వాన ముఖం చాటేస్తే మెరక మళ్లలో వరి ఆకు చుట్టుకుంటుంది.

అదే సమయంలో ఈశాన్యాన ఘాటాల్ పల్లంలో శిలావతి పొంగి పైరు నీటికింద ఉంటుంది. ఘాటాల్‌కు వరద రావడం ఇంచుమించు ఏటేటా జరిగేదే. దక్షిణాన కాంథీ, దీఘా వైపు సముద్రతీరపు పొలాలది ఉప్పు బాధ. 2002లో తూర్పు, పశ్చిమాలుగా విడిపోకముందు ఇదంతా ఒకే మేదినీపూర్ జిల్లా; ఝాడ్‌గ్రామ్ 2017లో వేరుపడింది. ఒక జిల్లా పరిధిలోనే బెట్ట, ముంపు, చౌడు మూడూ ఉన్నచోట 'తట్టుకునే వంగడం' అన్న మాటకు ఒకే అర్థం ఉండదు. దేన్ని తట్టుకోవాలి, ఏ దశలో, ఎన్నాళ్లు అన్నది ముందు తేలాలి. కొలత ఆ తరువాతే.

1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీ ఖరగ్‌పూర్‌లో వ్యవసాయ ఇంజినీరింగ్ తొలినాళ్ల నుంచీ ఉంది. వర్షాధార వరి మడిలో ఒక మూల చిన్న కుంట తవ్వి వాననీటిని పట్టి, బెట్ట రోజుల్లో ఒక తడి ఇవ్వాలంటే ఆ కుంట ఎంత ఉండాలో లెక్కగట్టే పరిశోధన అక్కడ జరిగింది. నీటి వైపు నుంచి చేసే పని అది. మొక్క వైపు నుంచి చేయాల్సిన పనికి వేరే చరిత్ర ఉంది. అందులో ముఖ్యపాత్ర ఒక గోదావరి వరిది.

స్వర్ణ మునిగిన కథ

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రంలో వశిష్ఠ, మసూరి రకాలను సంకరపరచి తీసిన ఎంటీయూ 7029 అనే స్వర్ణ 1982లో విడుదలైంది. తక్కువ ఎరువుతోనూ నిలకడగా పండడం, పడిపోకపోవడం చూసి రైతులు దీన్ని చేతులు మార్చుకుంటూ రాష్ట్రాలు దాటించారు. బెంగాల్, ఒడిశాల ఆమన్ (వానాకాలపు వరి) పంటలో ఇది ప్రధాన రకాల్లో ఒకటైంది. దీని బలహీనత ముంపు. వారం దాటి నీటికింద ఉంటే పైరు పోయేది.

మునిగిన వరిలో ఏం జరుగుతుంది? నీటిలో ఎథిలీన్ వాయువు బయటకు పోలేక మొక్కలోనే పేరుకుంటుంది. దాని ప్రేరణతో మామూలు రకాలు గాలి కోసం ఆకులు సాగదీస్తాయి. ఆ ఆరాటంలో కాండంలో దాచుకున్న పిండిపదార్థం, చక్కెర ఖర్చయిపోతాయి. నీరు తీసేసరికి పాలిపోయి, సాగిపోయి, నిలబడే శక్తి లేక బురదలో వాలిపోతాయి. ఒడిశా నాటు వరి ధలపుటియా నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్ 13ఏ ఇందుకు విరుద్ధంగా ప్రవర్తిస్తుంది. మునగగానే పెరుగుదల ఆపేసి, ఉన్న నిల్వను పొదుపుగా వాడుకుంటూ, నీరు దిగాక కొత్త ఆకు వేస్తుంది.

ఈ తేడాను పట్టుకున్న పరీక్ష చాలా సాదాసీదాది. తొట్టిలో నారు పోస్తారు. సుమారు రెండు వారాల వయసులో ప్రతి మొక్క ఎత్తు స్కేలుతో కొలిచి రాసుకుంటారు. ఆకు కొనలు కూడా కనబడనంత లోతుకు నీరు నింపి రెండు వారాలు ఉంచుతారు. నీరు తీసిన వెంటనే మళ్లీ ఎత్తు కొలుస్తారు. ఆ రోజు ఎన్ని బతికాయో లెక్కపెడితే పొరపాటవుతుంది. పచ్చగా కనిపించిన మొక్క మూడోరోజుకు కుళ్లిపోవచ్చు, చచ్చినట్టున్న దాని మొదట్లోంచి మొలక రావచ్చు. అందుకే పది రోజుల నుంచి మూడు వారాల వరకు ఆగి, కొత్త ఆకు వేసిన వాటినే బతికినట్టు లెక్కిస్తారు. నీటి సంగతి కూడా కొలవాలి. ఎంత లోతు, ఎంత వేడి, ఎంత ప్రాణవాయువు, ఎంత వెలుతురు అడుగుకు చేరుతోంది అన్నవి రాయకపోతే ఆ ప్రయోగాన్ని ఇంకొకచోట ఫలితంతో పోల్చలేం. ఘాటాల్ వరదనీరు ఎర్రటి బురద. తొట్టిలోని తేటనీటిలో బతికిన రకం ఆ చీకటిలో బతకకపోవచ్చు.

1996లో శాస్త్రవేత్తలు షూ, డేవిడ్ మ్యాకిల్ ఈ ఓర్పు వెనకున్న ప్రధాన జన్యుస్థానం తొమ్మిదో క్రోమోజోముపై ఉందని గుర్తించి సబ్1 అని పేరుపెట్టారు. అందులోని సబ్1ఏ అసలు జన్యువని 2006లో తేలింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థకు చెందిన సి.ఎన్. నీరజ మొదటి రచయితగా 2007లో వచ్చిన పత్రం స్వర్ణలోకి సబ్1ను ఎక్కించిన తీరును వివరించింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో జరిగిన పని అది. స్వర్ణకు మళ్లీ మళ్లీ స్వర్ణతోనే సంకరం చేస్తూ, డీఎన్‌ఏ గుర్తుల సాయంతో సబ్1 ముక్కను మాత్రం నిలుపుకున్నారు. 2009లో స్వర్ణ సబ్1 భారతదేశంలో విడుదలైంది. ఒడిశా రైతుల పొలాల్లో జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, పది రోజులు మునిగిన పొలాల్లో స్వర్ణ కంటే దీని దిగుబడి 45 శాతం ఎక్కువని తేలింది. మునగని పొలాల్లో నష్టమేమీ లేదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఈ పరీక్షలో మొక్క ఎత్తు తక్కువ పెరగడం మంచి గుర్తు. నెలల తరబడి మీటర్ల లోతు నీరు నిలిచే ప్రాంతాల లోతునీటి వరికి అదే ఎత్తు ఎక్కువ పెరగడం మంచి గుర్తు; స్నార్కెల్ జన్యువులు ఆ పనే చేస్తాయని జపాన్ శాస్త్రవేత్తలు 2009లో చూపారు. మోకాలి లోతు నీరు వారాల తరబడి నిలబడిపోయే మళ్లలో సబ్1 పొట్టితనం అక్కరకు రాదు. స్కేలు మీద ఉన్న అంకె ఒకటే అయినా పొలాన్ని బట్టి దాని విలువ తారుమారవుతుంది. వరద తీరు రాయని ప్రయోగ నివేదికను నమ్మి వంగడం సిఫారసు చేయడం రైతుకు చేసే అన్యాయం.

బెట్టలో ఏది కొలవాలి

ముంపు కొన్నాళ్లు ఉండి పోతుంది, బెట్ట అలాకాదు. ఎప్పుడు మొదలైందో తెలియదు, ఏ రోజుతో ముగిసిందో తెలియదు. అందుకే దాని కొలతలు పెక్కు.

అన్నింటికన్నా చవకైంది కళ్లతో వేసే మార్కు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రమాణ పట్టికలో ఆకు చుట్టుకోవడానికి 0 నుంచి 9 వరకు మార్కులున్నాయి: ఆకు మామూలుగా ఉంటే 0, గొట్టంలా పూర్తిగా చుట్టుకుంటే 9. వందల మళ్లను ఒక్క పూటలో చూడొచ్చు. అయితే మార్కు వేసే వేళ ముఖ్యం. ఉదయం ఏడింటికి విప్పారిన ఆకు మధ్యాహ్నానికి చుట్టుకుంటుంది. ఒక చివర నుంచి మొదలుపెట్టి రెండు గంటలు నడిస్తే చివరి మళ్లకు ఊరికే చెడ్డ మార్కు పడుతుంది. అనుభవం ఉన్నవాళ్లు ఒక్కో ఆవృత్తిని (అవే రకాలను మళ్లీ నాటిన ఒక్కో విభాగాన్ని) వేర్వేరుగా, త్వరగా ముగిస్తారు, మధ్యమధ్య తెలిసిన రకాలను పెట్టి సరిచూసుకుంటారు.

కొంచెం లోతైన కొలత ఆకులో సాపేక్ష నీటిశాతం. మధ్యాహ్నం ఆకు కోసి, తేమ పోకుండా మూసి, వెంటనే తూస్తారు. తరువాత కొన్ని గంటలు శుద్ధజలంలో తేలనిచ్చి, అది నీరు పీల్చి బిర్రుగా అయ్యాక, పైనున్న తడిని అద్ది మళ్లీ తూస్తారు. చివరికి ఓవెన్‌లో ఎండబెట్టి మూడోసారి తూస్తారు. ఉదాహరణకు తాజా ఆకు 500 మిల్లీగ్రాములు, నీరు పీల్చాక 600, ఎండాక 120 అనుకుంటే, పట్టగలిగిన నీరు 480, ఉన్న నీరు 380. అంటే 79 శాతం. లెక్క చిన్నదే. కానీ కోసిన ఆకును తక్కెడ దాకా తెచ్చే రెండు నిమిషాల్లో ఎండ పీల్చేసిన నీరు, అద్దే కాగితం చేతివాటం ఆ అంకెను మార్చేస్తాయి. అనుభవం లేని చేతులతో ఈ పని చేయిస్తే రకాల మధ్య తేడా కంటే మనుషుల మధ్య తేడా ఎక్కువ వస్తుంది.

ఇంతకీ నీరు పట్టుకుని పచ్చగా ఉన్న మొక్క గింజ ఇస్తుందా? బెట్టలో బతకడం వేరు, పండడం వేరు. వేరుశనగలో ఈ ముడిని విప్పడానికి పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో చాలా పని జరిగింది. ఆర్.సి. నాగేశ్వరరావు, ఆస్ట్రేలియాకు చెందిన జి.సి. రైట్ వంటివారు, పలచని ఆకు కంటే మందమైన ఆకున్న రకాలు పీల్చిన నీటికి ఎక్కువ ఎండుపదార్థం తయారుచేస్తాయని చూపారు. ఆకు మందాన్ని కొలవడం ఆలస్యమవుతుంది కాబట్టి ఆకుకు తగిలించి క్షణంలో పచ్చదనాన్ని చదివే స్పాడ్ మీటరును దానికి బదులుగా వాడొచ్చని 2001లో ప్రతిపాదించారు. అనంతపురం, కదిరి ఎర్రనేలల్లో వేరుశనగ సాగంతా వాన దయ. అక్కడి వంగడాల ఎంపికకు ఇలాంటి చేతి పరికరం ఎంత ఉపకారమో చెప్పనక్కర్లేదు. ఏమైనా స్పాడ్ అంకె దిగుబడి కాదు. దిగుబడికి ఒక ఊహ మాత్రమే.

వేర్ల సంగతి ఇంకా గట్టి పాఠం నేర్పింది. బెట్టకు లోతైన వేరే మందు అన్నది రైతుకు, శాస్త్రవేత్తకు ఇద్దరికీ సహజంగా తోచే మాట. ఇక్రిశాట్ శనగలో ఐసీసీ 4958 అనే లోతు వేళ్ల రకాన్ని గుర్తించి, ఏళ్ల తరబడి వేర్లు తవ్వి, కడిగి, కొలిచింది. తరువాత విన్సెంట్ వాదెజ్ బృందం వేర్లను తవ్వడం మాని, అవి తాగే నీటినే తూచడం మొదలుపెట్టింది. పొడవాటి ప్లాస్టిక్ గొట్టాల్లో పొలం మట్టి నింపి, వాటిని గోతుల్లో నిలబెట్టి, ఒక్కో దాంట్లో పైరు పెంచారు. మట్టిలోంచి నేరుగా ఆవిరి పోకుండా పైన కప్పారు. గొలుసు కప్పీతో ఒక్కో గొట్టాన్ని ఎత్తి, కొక్కేనికి ఉన్న తూకపు యంత్రంలో బరువు చూసి మళ్లీ దించుతారు. రెండు తూకాల మధ్య తేడా మొక్క తాగిన నీరు. ఎప్పుడు ఎంత తాగిందో వారం వారం తెలుస్తుంది.

ఫలితం చాలామంది అనుకున్నట్టు రాలేదు. శనగలో చివరిదశ బెట్టకు నిలిచిన రకాలు ఎక్కువ నీరు తాగినవి కావు, ఎక్కువ వేరు వేసినవీ కావు. మొదట్లో తక్కువ ఆకుతో పొదుపుగా ఉండి, గింజ కట్టే రోజులకు నేలలో నీరు మిగుల్చుకున్నవి. 2011లో ఈ మాట ప్రచురితమైంది. 2014లో శనగ నాలుగో లింకేజీ సమూహంలో (కలిసి సంక్రమించే జన్యువుల గుంపులో) గుర్తించిన బెట్ట జన్యుప్రాంతం వేర్లతో పాటు ఆకు పెరుగుదల వేగాన్ని కూడా శాసిస్తుందని తరువాతి పరిశోధనల్లో తేలింది. దశాబ్దాల నమ్మకాన్ని ఒక తూకం సరిదిద్దింది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా విలువైన పరికరంగా తోచేది ఆ గొట్టమే. ఖరీదైనదేమీ కాదు, సరైన ప్రశ్న వేసింది.

వరిలోనూ ఇదే తీరు మార్పు వచ్చింది. ఆకు చుట్టుకోవడం, వేరు లోతు వంటి పరోక్ష గుర్తులను దాటి, పూత దశలో నీరు ఆపి నేరుగా గింజ దిగుబడినే ఎంపికకు ఆధారం చేశారు. బెట్టలో దిగుబడినిచ్చే క్యూడీటీవై అనే జన్యుస్థానాలు ఆ దారిలో దొరికాయి. హజారీబాగ్ వరి పరిశోధన కేంద్రం నుంచి 2010లో వచ్చిన సహభాగీ ధాన్ బెట్టపొలాల్లో రైతులతో కలిసి పరీక్షించిన రకం.

ఉప్పు

చౌడుకు కొలత రసాయన శాస్త్రం చేతిలో ఉంది. వరి లవణాలకు సుకుమారమైన పంట. నేల సారపు విద్యుత్ వాహకత మీటరుకు 3 డెసిసీమెన్లు దాటితే దిగుబడి తగ్గనారంభిస్తుంది, ఆపైన ఒక్కో డెసిసీమెన్‌కు సుమారు 12 శాతం పడిపోతుంది. నారుదశలో పోషక ద్రావణంలో ఉప్పు కలిపి 12 డెసిసీమెన్ల దగ్గర పరీక్షించి 1 నుంచి 9 వరకు మార్కులు వేస్తారు. ఆకు చివర మాడిందా అన్నది కంటికి కనిపించేది. అసలు విషయం ఆకు లోపల సోడియం, పొటాషియం నిష్పత్తి. ఆకును ఎండబెట్టి, ఆమ్లంలో కరిగించి, ఫ్లేమ్ ఫోటోమీటరు మంటలో చదివితే ఆ నిష్పత్తి తెలుస్తుంది.

బెంగాల్ ఉప్పునేలల నాటు వరి నోనాబొక్రా ఈ విషయంలో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. దాన్ని జపాన్ రకం కొషిహికారితో సంకరపరచి, వచ్చిన సంతానంలో సోడియం, పొటాషియం కొలిచి, 2005లో ఎస్‌కేసీ1 జన్యువును పట్టుకున్నారు. వేరు నుంచి పైకి పోతున్న సోడియాన్ని నీటి నాళాల్లోంచి వెనక్కి లాగడం ఆ జన్యువు పని. నారుదశలో మార్కులు బాగున్న మొక్క పూతదశలోనూ ఓర్చుకుంటుందన్న హామీ లేదు; ఆ రెండింటికీ జన్యువులు వేర్వేరు. తీరగ్రామాల్లో మార్చి, ఏప్రిల్ ఉప్పు బోరో (యాసంగి వరి) పంట చివరిదశను పట్టుకుంటుంది కాబట్టి, అక్కడికి కావలసింది పూతదశ పరీక్ష.

వేడికి సంబంధించి ఒక్కమాట చాలు. వరి పూసే గంటలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పుప్పొడి రాలక తాలుగింజలు పెరుగుతాయి. కాబట్టి వేడి ఓర్పును నిండుగింజల శాతంతో కొలుస్తారు. నగీనా 22 అనే వరి రకం ఇందులో పాత మేటి.

పైనుంచి చూసే కళ్లు

మొక్కకు నీరు చాలకపోతే ఆకు రంధ్రాలు మూసుకుంటాయి, చెమట ఆగినట్టు ఆకు వేడెక్కుతుంది. పరారుణ కెమెరా ఆ వేడిని దూరం నుంచే చదువుతుంది. ఎరుపు కాంతిని ఆకు ఎంత మింగిందో, సమీప పరారుణాన్ని ఎంత తిప్పికొట్టిందో పోల్చితే ఎన్‌డీవీఐ అనే పచ్చదనపు సూచిక వస్తుంది. డ్రోన్ ఎగిరితే వందల మళ్లు నిమిషాల్లో పూర్తి. పైరు గుబురెక్కాక ఎన్‌డీవీఐ ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది, బాగున్న రెండు రకాల మధ్య తేడా చెప్పలేదు. ఒక మబ్బు ముక్క దాటితే ఆకు ఉష్ణోగ్రత మారుతుంది. గాలి వీస్తే ఆకుల కోణం మారుతుంది.

ఇక్రిశాట్‌లో లీసీస్కాన్ అనే వేదిక ఉంది. లేజర్ కన్ను పట్టాలపై మొక్కల మీదుగా కదులుతూ ఆకు వైశాల్యాన్ని మూడు కొలతల్లో చదువుతుంది, కింద తక్కెడలు నీటి ఖర్చును రాస్తాయి. మొక్కను యంత్రం దగ్గరకు తీసుకెళ్లకుండా యంత్రమే మొక్క దగ్గరకు రావడం దాని సౌలభ్యం. హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడాలోనూ, ఢిల్లీలో 2017లో ప్రారంభమైన నానాజీ దేశ్‌ముఖ్ ఫీనోమిక్స్ కేంద్రంలోనూ యంత్రాలతో మొక్కలను కొలిచే వేదికలున్నాయి. కుండీలో వేరు ముడుచుకుంటుంది, నేలలో సాగుతుంది. ఈ ఒక్క తేడా వల్లనే వేదికపై గెలిచిన రకాలు పొలంలో ఓడిపోయిన సందర్భాలుంటాయి. యంత్రానికి పెట్టే డబ్బులో కొంతైనా పొలం పరీక్షకు, నైపుణ్యమున్న క్షేత్ర సహాయకుల జీతాలకు పెట్టాలి.

కొలత ఎంత నమ్మదగిందో చెప్పే గణాంకం వారసత్వ నిష్పత్తి. మళ్ల మధ్య కనబడిన తేడాలో విత్తనం వాటా ఎంతో అది చెబుతుంది. బెట్టపొలంలో ఒక మూల ఇసుక, ఒక మూల బంక ఉంటే ఆ వాటా చిన్నదైపోతుంది. ఆవృత్తులు పెంచడం, తెలిసిన రకాలను మధ్యమధ్య నాటడం, నేల తేడాను గణితంతో సరిదిద్దడం దానికి విరుగుడు. ఏటా సాధించే అభివృద్ధి నాలుగింటిపై ఆధారపడుతుంది: ఎంత గట్టిగా ఏరాం, ఎంత సరిగ్గా కొలిచాం, మూలంలో ఎంత వైవిధ్యం ఉంది, ఒక తరానికి ఎన్నేళ్లు పట్టింది. జన్యుశాస్త్రం చివరిదాన్ని బాగా కుదించింది. రెండోది ఇంకా మనుషుల కష్టం.

రెండు కష్టాలు ఒకే పైరుకు

2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జన్యుసవరణ వరి రకాల్లో పూసా డీఎస్‌టీ 1 ఒకటి. మార్టేరు కాటన్‌దొర సన్నాలు, అంటే ఎంటీయూ 1010, దీనికి మూలం. డీఎస్‌టీ జన్యువును పనిచేయకుండా చేస్తే ఆకుపై రంధ్రాల సాంద్రత తగ్గుతుంది. బెట్టకు, ఉప్పుకు ఓర్పు పెరుగుతుందన్నది దీని ఆధారం. రంధ్రాల లెక్క సూక్ష్మదర్శిని కింద తేలిపోతుంది. రైతు చూసే లెక్క ఎకరాకు బస్తాలు, అది నేల నేలకూ, ఏడాది ఏడాదికీ మారుతుంది.

మేదినీపూర్ మెరక, పల్లం కలిసిన పొలాల్లో అసలు సమస్య ఇంకా జటిలం. జులైలో నాటిన స్వర్ణ ఆగస్టులో మునగవచ్చు, అక్టోబరులో పూస్తుంది. ఋతుపవనాలు అక్టోబరు మధ్యకల్లా వెళ్లిపోతాయి, అదే పైరుకు గింజ కట్టే దశలో నీరు చాలదు. కటక్‌లోని వరి పరిశోధన సంస్థ నుంచి వచ్చిన సీఆర్ ధాన్ 801, 802 రకాలు స్వర్ణ నేపథ్యంలోనే సబ్1నూ, బెట్ట దిగుబడి జన్యుస్థానాలనూ కలుపుకున్నవి. వాటిని పరీక్షించేటప్పుడు ముంపు ఓర్పును ఒక తొట్టిలో, బెట్ట ఓర్పును ఇంకొక మడిలో విడివిడిగా కొలవడం సులువు. పొలంలో జరిగేది వేరు: ముంపులో చక్కెర నిల్వలు కరిగి, వేర్లు దెబ్బతిని, ఆలస్యంగా కోలుకున్న మొక్కకే రెండు నెలల తరువాత బెట్ట తగులుతుంది. ముంపు వల్ల పూత వెనకబడితే బెట్ట ఇంకా లేత దశలో పట్టుకుంటుంది. కాబట్టి అదే మడిని ఆగస్టులో ముంచి, అదే మడికి అక్టోబరులో నీరు ఆపి, నీరు దిగాక కోలుకున్న పిలకల సంఖ్యనూ, పూత తేదీనీ, చివరికి నిండుగింజల బరువునూ వరుసగా రాయాలి. ఇలాంటి ప్రయోగానికి ముంచడానికీ ఆరబెట్టడానికీ వీలైన మళ్లు కావాలి. చుట్టూ గట్టు, అడుగున నీరు దిగే ఎర్రనేల, పక్కన కుంట ఉన్న చోట అవి తక్కువ ఖర్చుతో తయారవుతాయి.